తోడుకు పెట్టిన పేరు

జూబ్లీ హిల్స్ హోటళ్ళకు పెరుగు పంపే ఆ ఫిల్మ్‌నగర్ కంపెనీలో ఆ రోజూ పాలు తోడుకోలేదు. తోడులోని బ్యాక్టీరియాను ఏదో వైరస్ చంపేస్తోంది.

"గా తోడు పారబోయుండ్రి మేడం. వేరేది తెప్పిస్త," అన్నాడు యజమాని ఓంప్రకాష్.

"వద్దండీ! కొంచెం టైమివ్వండి," అని బతిమాలింది ల్యాబ్ చూసే కరుణాకుమారి.

ఆదివారాలు చర్చి కూడా మానుకుని ఆమె ల్యాబ్‌లోనే కూర్చుంది. ఆ వైరస్ జన్యువులోంచి చిన్న ముక్క తీసి బ్యాక్టీరియా జన్యువులో చేర్చింది. అలా చేస్తే, ఆ వైరస్ మళ్ళీ వచ్చినప్పుడు బ్యాక్టీరియా దాన్ని గుర్తుపట్టి తునకలు చేసేస్తుంది.

చివరికి ఒక ఉదయం, కావాలని వైరస్ కలిపిన పాలు కూడా గడ్డగా తోడుకున్నాయి. ఓంప్రకాష్ చప్పట్లు కొట్టాడు.

"గెలిచిన్రు మేడం! దీనికేం పేరు పెడదాం?"

"జెరూష."

"మంచిగుంది. ఎవరి పేరు?"

"మా అమ్మాయిదండీ. మీకు నేనిచ్చిన తోడు, తను తోడుపెట్టిన పెరుగులోంచి తీసిందే. డెంగ్యూ జ్వరంతోనే పాలు కాచి తోడుపెట్టింది. ఆసుపత్రి నుంచి నేనొక్కదాన్నే తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిచాను. ఆ పెరుగు గిన్నె అలాగే ఉందండీ."