కొంగుముడిలో తోటకూర

ఆక్లాండ్ వరదలో వీరేశం ఇల్లు మునిగిన ఏడాది అది, ఏప్రిల్ చివర. దీవి మీద లైట్‌హౌస్ కాపలావాళ్ళ ఇంటి వెనక శరణ్య మోకాళ్ళ మీద కూర్చుని ఒక తోటకూర మొక్కను వేళ్ళతో సహా పీకింది. కంకి దులిపితే నల్లటి గింజలు ఆమె గ్లవ్ నిండా రాలాయి.

"ఇది ఇక్కడికెలా వచ్చింది, ఆంటీ?"

భాగ్యమ్మ కొంగు సర్దుకుంది.

"పడవ ఎక్కే ముందు నేనే కదా అన్నీ చెక్ చేశాను. బ్యాగులు, జేబులు, షూస్, సాక్స్ కూడా."

"కొంగు చూడలే కద బిడ్డా," అంది భాగ్యమ్మ. "ముడేసుకొని తెచ్చిన. పిడికెడు కూర కోసం. గిదేమన్న గంజాయా?"

శరణ్య నవ్వబోయి ఆపుకుంది. ఆమె ఆ దీవిని చూసుకునే ఆఫీసు మనిషి. న్యూజిలాండ్‌లోనే, లోవర్ హట్ అనే ఊళ్ళో పెరిగింది. తెలుగు వచ్చని ఈ పనికి ఆమెనే పంపారు.

"బయటి గింజ ఒక్కటి కూడా రాకూడదని రూల్ ఉంది, అంకుల్. రేపు మార్నింగ్ పడవలో మీరిద్దరూ వెళ్ళిపోవాలి. ఇంక ఏ దీవికీ మీ పేర్లు తీసుకోరు. సారీ."

కిష్టయ్య తల ఊపాడు.

భార్యాభర్తలు భాగ్యమ్మ, కిష్టయ్య రెండేళ్ళు ఎదురుచూస్తే దొరికిన పని అది. జీతం లేదు. మూడు నెలలు బాగా చేస్తే ఏడాదికి ఉంచుతామన్నారు. దీపం దానంతటదే వెలుగుతుంది. పొద్దున ఎనిమిదింటికి గాలి ఎటు వీస్తోందో, అల ఎంత ఎత్తు లేస్తోందో రేడియోలో చెప్పాలి. అద్దాలు తుడవాలి. ఎలుకల బోనులు చూడాలి. కొండవాలు మీద మొలిచే బయటి మొక్కల్ని పీకాలి. ఆ వాలు నిండా సముద్రపు పక్షులు నేలలో బొరియలు తవ్వుకుని పిల్లల్ని పెంచుతాయి. ఇరవై రెండేళ్ళు వెల్లింగ్టన్ ఆఫీసుల్లో నేలలు తుడిచిన కిష్టయ్య అక్కడ ఊపిరి బిగపట్టి అడుగు వేసేవాడు. "సచ్చేదాక ఈడనే ఉంట," అన్నాడొకసారి. మూడు నెలల్లో అతను ఆడిన పొడుగాటి మాట అదే.

ఫారాలు నింపింది వీరేశం. రేడియోలో మాట్లాడేదీ వీరేశమే. కిష్టయ్యది మూడో తరగతి చదువు. ఇల్లు మునిగి, తడిసిన సామానంతా రోడ్డు మీద పారబోసుకున్న స్నేహితుణ్ణి తమతో దీవికి తీసుకొచ్చింది మాత్రం కిష్టయ్య.

"మీకెవరు చెప్పిన్రు?" అడిగింది భాగ్యమ్మ.

"రేడియోలో చెప్పారు. ఎవరో అడగొద్దు ఆంటీ, పేరు బయటపెట్టబోమని మాటిచ్చాం."

భాగ్యమ్మ వాకిట్లోకి చూసింది. వీరేశం బూట్ల మట్టి గీకుతున్నాడు.

"మరి ఆయన?"

"వీరేశం అంకుల్ ఉంటారు. కొత్తవాళ్ళు వచ్చేదాకా ఎవరో ఒకరు ఉండాలి కదా."

"ఓహో. గట్లనా."

శరణ్య మడిలోని మొక్కలన్నీ సంచుల్లోకి ఎత్తి మూతులు బిగించే పనిలో పడింది.

వారం కిందటి సంగతి భాగ్యమ్మకు గుర్తుంది. కిష్టయ్య కొండవాలు నుంచి వచ్చి, వేలెడంత తోటకూర మొలకను టేబుల్ మీద పెట్టాడు.

"అంత దూరం పోయిందా?" అన్నాడు వీరేశం. "వదినా, ఇది గుబురైతే పక్షుల బొరియలు మూసుకపోతయి. ఆఫీసోళ్ళకు చెప్పాలె."

"చెప్తే ఎల్లగొడ్తరు."

"అయితే పీకెయ్."

"గింజ ముదరనీ. ముదిరినంక పీకుత."

కిష్టయ్య మొలకను కట్టెల పొయ్యిలో వేసి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ ఇద్దరూ ఇంట్లోకి రాగానే వీరేశం గుమ్మంలో నిలబడ్డాడు. "నేను చెప్పలే, అన్నా."

కిష్టయ్య కిటికీలోంచి సముద్రం చూస్తున్నాడు.

"ఈ ఇంట్ల రేడియో పట్టేదెవరు?" అంది భాగ్యమ్మ. "నేనా? ఈయననా? ఈయనకు తెలుగే తూకమేసుకొని వస్తది. ఇంగ్లీషు ఎక్కడిది?"

"నలభై ఏండ్ల దోస్తానా, వదినా."

"గందుకే కడుపు మండుతంది. పరాయోడు చెప్తే పోనీ అనుకుందు."

"అన్నా, నువ్వన్న చెప్పు. నన్ను నమ్ముతవా, లేదా?"

కిష్టయ్య లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

"చూసినవా? మనిషి ఇరిగిపోయిండు. గా తోటకూర నువ్వు తినలేదా? పప్పుల ఏస్తే మల్లీ మల్లీ అడిగి తిన్నవ్."

"తిన్న," అన్నాడు వీరేశం.

సాయంత్రం అతనే అన్నం వండి, చారు పెట్టి, గిన్నెలు వాళ్ళ తలుపు ముందు పెట్టాడు. భాగ్యమ్మ బ్రెడ్డు తిన్నది. కిష్టయ్య అదీ తినలేదు.

మర్నాడు పొద్దున గాలి తగ్గింది. రాతి రేవు దగ్గర పడవ ఆగింది. వీరేశం పెద్ద సంచి ఎత్తుకోబోతే కిష్టయ్య దాన్ని అతని చేతిలోంచి తీసుకుని తనే భుజాన వేసుకున్నాడు.

"పోయినంక ఫోన్ చెయ్, అన్నా."

కిష్టయ్య పడవ ఎక్కి, దీవికి వీపు పెట్టి కూర్చున్నాడు. రేవులో వీరేశం చెయ్యి ఎత్తి అలాగే నిలబడ్డాడు.

"అటు చూడకు," అంది భాగ్యమ్మ. "నమ్మినోడే ముంచిండు. ఇగ వాడు మన గడప తొక్కొద్దు. వింటున్నవా?"

కిష్టయ్య తల ఊపాడు.

రేడియోలో శరణ్యకు తెలుగులో చెప్పింది కిష్టయ్యే.