ఐదో వాక్యం

"ఇండెఫినిట్ అంటే ఏంటి పిన్నీ?"

పిన్ని కుట్టుమిషను మీంచి తలెత్తింది. మిషను హాల్లో చెప్పుల స్టాండు పక్కన ఉంటుంది. ఆమె మడతమంచం కూడా అక్కడే. బావగారు లేచేలోగా దాన్ని మడిచి తలుపు వెనక్కి నెట్టేస్తుంది.

"ఎప్పటిదాకానో తెలియనిది అనమ్మా."

"దాంతో ఐదు వాక్యాలు రాయాలి. నాలుగు రాసేశా, వింటావా?" పాప ఇంగ్లీషులో చదివి, పిన్ని కోసం తెలుగులో చెప్పింది. "కార్మికులు ఇండెఫినిట్ సమ్మె చేస్తున్నారు. వాన వల్ల ఆట ఇండెఫినిట్‌గా వాయిదా పడింది. దుకాణం ఇండెఫినిట్‌గా మూసేశారు. మా నాన్న ఇండెఫినిట్‌గా బాత్రూంలో ఉంటారు."

"నీ దుంపతెగ! మీ టీచరు చదువుతుందే అది."

"నిజమేగా!"

పిన్ని నవ్వింది గానీ మనసు నవ్వు మీద లేదు. పొద్దుట్నుంచీ ఒక మాట కూడబలుక్కుంటోంది. వెనక గది గురించి. కిటికీ ఉన్న గది అదొక్కటే. ఈమధ్య సూదిలో దారం ఎక్కించడానికి నాలుగైదుసార్లు తడుముకోవాల్సి వస్తోంది. ఆ కిటికీ వెలుతురులో మిషను వేసుకుంటే ఇంకొన్నాళ్ళు కుట్టగలదు. గదిలో ప్రస్తుతం బావగారి వ్యాయామం సైకిలుంది. దాని మీద తువ్వాళ్ళు ఆరుతుంటాయి.

అడగొచ్చు. అడిగితే ఏమవుతుంది? కాదంటారు, అంతేగా. కానీ కాదన్నాక మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా. ఆ భయంతోనే ఆమె ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఆమె భర్త చనిపోయిన ఏడాదే అందరూ ఒకే కప్పు కిందకి చేరారు. "కొన్నాళ్ళేగా," అనుకున్నారు. అప్పటికి పాప పాకుతోంది.

బావగారు లోపలికొచ్చి లైటు వెయ్యడానికి వంగారు. వంగినవారు నడుం పట్టుకుని మూలిగారు.

"ఈ స్విచ్చులు పెట్టించిన మహానుభావుడికి దండేసి దణ్ణం పెట్టాలి. మోకాళ్ళ దగ్గర పెట్టించాడు!"

"వంటగట్టు మాత్రం? కూర తరిగేసరికి నా నడుం పోతోంది," వంటింట్లోంచి అక్క అంది.

పిన్ని తలదించుకుని కాలర్ తిరగేసింది. ఆ మాట వచ్చినప్పుడల్లా తప్పంతా తనదే అయినట్టు ఆమె చెవులు ఎర్రబడతాయి.

"బావగారూ..." అంది చివరికి. "ఒక మాట..."

"ఊఁ, చెప్పు మరదలా."

"ఆగు నాన్నా! ఐదోది అయిపోయింది," పాప ఎగిరి గంతేసింది. "మై ఆంట్ ఈజ్ స్టేయింగ్ ఇన్ అవర్ హౌస్ ఫర్ ఆన్ ఇండెఫినిట్ పీరియడ్. అంటే, మా పిన్ని మా ఇంట్లో ఎప్పటిదాకానో తెలియకుండా ఉంటోంది. బావుందా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

బావగారు పకపకా నవ్వారు. "ఓసి నీ అసాధ్యం కూలా! దీనికి పదికి పది!"

అక్క గుమ్మంలోకి వచ్చింది. "అలా రాయకూడదమ్మా," అంది, చెల్లెలి వైపు చూడకుండా.

"ఎందుకు? తప్పా?"

అక్క నోరు తెరిచింది. మొగుడి మొహం చూసింది. పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లోపలికి వెళ్ళిపోయింది. మాడిన వాసనేమీ రాలేదు.

"తప్పేం లేదమ్మా," అంది పిన్ని. "బాగా రాశావు."

"ఇంతకీ ఏదో మాటన్నావు?" అన్నారు బావగారు.

"ఏం లేదండీ. చొక్కాకి గుండీ ఊడిందేమో చూద్దామని."

మర్నాడు, తను పగలు పనికెళ్ళే కుట్టు దుకాణంలో పక్క మిషనావిడతో, "ఎక్కడైనా చిన్న గది ఉంటే చెప్పవూ," అంది. ఎవరికోసమని ఆవిడ అడిగితే, "మాకు తెలిసినావిడకి" అని అబద్ధమాడింది. ఆ అబద్ధానికి కూడా చెవులు ఎర్రబడ్డాయి.

ఆదివారం మిషను రిక్షా ఎక్కింది. మడతమంచం దాని మీదకి ఎక్కింది. గుమ్మం దాటబోయి పిన్ని వెనక్కొచ్చింది. గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసింది. కారే కుళాయిని ఎడమకి కాస్త ఎత్తి బిగించింది. అలా ఎత్తితేనే అది ఆగుతుందని అక్కకి ఎన్నిసార్లు చెప్పినా రాదు.

"ఉన్నపళంగా ఇదేం పనే?" అంది అక్క. రెండడుగులు ముందుకేసింది. కానీ గుమ్మానికి అడ్డం నిలబడలేదు.

"పాప పెద్దదవుతోంది కదక్కా. హాల్లో చదువుకుంటుంది."

బొడ్లోంచి తాళంచెవి తీసి అక్క అరచేతిలో పెట్టింది. అక్క గుప్పిట మూయలేదు. చెయ్యి అలాగే చాపి ఉంచింది. బావగారే దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నారు.

"అప్పుడప్పుడూ వస్తూ ఉండు మరదలా. మొహమాటపడకు."

"అలాగేనండీ."

"మళ్ళీ ఎప్పుడొస్తావ్ పిన్నీ?" పాప కొంగు పట్టుకుంది.

"నువ్వు రాశావుగా ఆ మాట. అదే."

పాప తనకో ఆరో వాక్యం దొరికినట్టు నవ్వింది.

కొత్త గది చిన్నదే, చీకటిగా ఉంది. ఇంటావిడ కలుపుగోలు మనిషి. "లైటు వేసుకోమ్మా," అంది. పిన్ని మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాపింది. అందలేదు. గోడకి ఆనుకుని ఎగిరింది. వేలికొస స్విచ్చుకి జానెడు కిందే ఆగిపోయింది.

ఇంటావిడకి నవ్వాగలేదు. "అయ్యో తల్లీ! స్టూలు పంపిస్తాలే. ఇన్నాళ్ళూ ఉన్న ఇంట్లో ఎలా అందేవమ్మా నీకు?"

పిన్ని చెయ్యి దించుకుని, నేల చూపులు చూస్తూ నిలబడింది.

"అది నా ఎత్తు కొలిచి మా ఆయన నాకోసం కట్టించిన ఇల్లండీ."