కొట్టేసిన అంకెలు

సాయంత్రంలోగా పట్టికలు సరిచూడాలి, థీసిస్‌కు అట్ట వేయించాలి, గైడుగారి సంతకం తీసుకోవాలి. అనువర్తిత గణితంలో ఎమ్మెస్సీ చేస్తున్న ఆమె, నాన్న పనిచేసే ఫ్యాక్టరీ బాయిలర్ పీడనం మీదే థీసిస్ రాసింది. రీడింగుల పుస్తకం నకలు ఆయనే తెచ్చిచ్చాడు.

“అందరి రీడింగులూ గీత గీసినట్టున్నాయి నాన్నా. పొడుగు మామవే కోతిగెంతులు. కొట్టేశాను.”

పొడుగు మామ నాన్నతోపాటు ఫ్యాక్టరీలో చేరినవాడు. ఆర్నెల్ల కిందట బాయిలర్ పేలినప్పుడు చనిపోయాడు. పిచ్చి రీడింగులు రాశాడని, తప్పంతా ఆయనదేనని విచారణలో తేల్చారు.

నాన్న కంచం పక్కకు జరిపాడు. “కొట్టెయ్యకమ్మా.”

“లెక్క కుదరట్లేదు మరి!”

“ఎలా కుదురుతుంది? మేం కుర్చీలోంచి లేవకుండా పై గడిలో ఏముంటే అదే దించేవాళ్లం. ‘కాళ్లు అద్దెకిచ్చార్రా?’ అని మమ్మల్ని ఏడిపిస్తూ, గంటగంటకీ మెట్లెక్కి మీటరు చూసొచ్చింది వాడొక్కడే.”

“విచారణలో చెప్పలేదేం?”

“ఉద్యోగం పోతే నీ చదువాగిపోతుందని.”

ఆమె పొడుగు మామ అంకెలు మాత్రమే పెట్టి గ్రాఫు మళ్లీ గీసింది. పీడనం ప్రమాదపు ఎర్రగీత దాటిన గంటలు రోజురోజుకూ పెరిగాయి. ఆఖరి అంకె ఆయన పోయిన రోజుది.

నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

“నేను చెప్పానని కూడా రాయి,” అన్నాడు.

సంతకానికి ఆ సాయంత్రం వెళ్లలేదు. నెల తర్వాత ఇచ్చిన థీసిస్ మొదటి పేజీలో ఇలా ఉంది: “ఈ అంకెలు చదివేవారు, వీటికోసం మెట్లెక్కిన మనిషిని దయచేసి గుర్తుపెట్టుకోండి.”