అట్టగొట్టాల అర

"గిదేంది? వేరు కుంపటి పెడ్తున్నవా?" వంటింటి గోడకు బిగించిన కొత్త అరను తడుముతూ రూతు కోడలిని నిలదీసింది.

తొర్రూరు బట్టల దుకాణంలో పనిచేసే సుమలత, తానులు చుట్టే ఖాళీ అట్టగొట్టాలను వారం రోజులుగా ఇంటికి మోస్తోంది. వాటిని ముక్కలు కోసి, బంకతో అతికించి ఈ అర చేసింది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

"డబ్బాలు పెట్టుకునేటందుకు, అత్తమ్మా."

"అల్మారీ ఉండంగ గిదెందుకు? వంటింట్ల నన్ను రావద్దంటున్నవా?"

సుమలత అత్త చేయి పట్టుకుని మొదటి గొట్టం అంచు మీద పెట్టింది. అక్కడ లావు దారం ఒక చుట్టు చుట్టి ఉంది.

"ఒక్క చుట్టు ఉప్పు. రెండు చుట్లు పసుపు. మూడు కారం."

రూతు చేయి గుంజుకుంది. "నాకు కండ్లు లేవా ఏంది?"

"ఉన్నయి. గని నువ్వు ప్రతి డబ్బాలది నాలికె మీద ఏసుకొని చూసినంకనే వండుతున్నవు. నిన్న కారంతోని గట్లనే దగ్గినవు."

రూతు గొంతు తగ్గించింది. "నా కొడుక్కు చెప్పినవా?"

"చెప్పలే."

రూతు కోడలి ముఖంలోకి అనుమానంగా చూసింది. తర్వాత చేయి మళ్లీ అర మీదికి వెళ్లింది. నాలుగో గొట్టం దగ్గర ఆగింది.

"గిది ఖాళీగున్నదేంది?"

"రేపు దవాఖానకు పోదాం. వాళ్లిచ్చే కండ్ల మందు అండ్ల పెట్టుకుందువు."