పదకొండు వంకర కుట్లు

పెరట్లో బాదంచెట్టు మీద ఒక కుట్టుపిట్ట ఉండేది. ఆకులు కలిపి గూళ్లు కుట్టి ఇవ్వడం దాని వ్యాపారం. నలుగురు పసిపిల్లలు. కొట్టూ కాపురమూ ఆ ఒక్క కొమ్మ మీదే.

గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డ పిచ్చుక ఒకటి ఎదుటి కొమ్మకు గూడు కుట్టించుకుంది. తీరా చూసుకుని మొహం మాడ్చుకుంది.

"ఏంటక్కా ఇది? పదకొండు చోట్ల కుట్టు వంకరపోయింది."

"అవి పిల్లలు ఏడ్చిన చోట్లమ్మా. పని మధ్యలో లేచి వెళ్లాల్సొచ్చింది," అంది కుట్టుపిట్ట, ఒకడి నోట్లో పురుగు పెడుతూ.

పిల్లల తల్లికి పని అప్పజెప్పడం నాదే బుద్ధితక్కువ అని గొణుక్కుంటూ పిచ్చుక గూట్లోకి దూరింది.

గుడ్లు పెట్టిన మూడోనాడు గాలివాన విరుచుకుపడింది. పిచ్చుక కింద కుట్లు ఒక్కొక్కటే జారిపోసాగాయి. అది రెక్కలు పరిచి గుడ్లను కప్పుకుని కళ్లు మూసుకుంది. గూడు ఊగింది, గిరగిరా తిరిగింది, కానీ రాలలేదు.

వాన వెలిశాక చూసుకుంటే తిన్నని కుట్లు సగానికి సగం ఊడిపోయాయి. వంకర కుట్లు పదకొండూ చెక్కుచెదరలేదు. ఒక్కోదానికి రెండేసి ముడులున్నాయి.

"లేచి వెళ్తే మళ్లీ ఎప్పటికొస్తానో నాకే తెలీదు కదమ్మా," అంది కుట్టుపిట్ట. "వచ్చేదాకా ఊడకూడదని గట్టిగా బిగించి వెళ్తాను."

పిచ్చుక ఒక ముడిని ముక్కుతో సుతారంగా తాకింది.

"ఇది ఎవరు ఏడ్చినప్పుడక్కా?" అని అడిగింది, గుళ్లో మాట్లాడినంత మెల్లగా.