ఆగిన బొమ్మ

దీపకు అన్నింటికన్నా పెద్ద భయం ఒక్కటే. తాను ఇంట్లో లేని పూట పాపకు ఏమైనా అవుతుందని.

అందుకే చిలకానగర్‌లోని ఒంటిగదిలో, ఉయ్యాలకు ఎదురుగా కెమెరా పెట్టించింది. తన పని మల్లాపూర్‌లో, బట్టలు కుట్టే కంపెనీలో. వీలు దొరికినప్పుడల్లా ఫోన్ తీసి, రెండు వేళ్లతో తెర మీది బొమ్మను పెద్దది చేసి పాప ముఖం చూసుకుంటుంది. ఉయ్యాల తాడు పట్టుకున్న అత్త చెయ్యి ఓ పక్కన కనబడుతుంది. అంతవరకే చూస్తుంది.

ఆ రోజు లంచ్ బెల్ కొట్టి పావుగంటైనా బొమ్మ కదల్లేదు. తాడూ కదల్లేదు.

అత్త శ్యామలమ్మకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పాప లేస్తుందని, ఫోన్ మోగకుండా పెట్టమన్నది తానే.

ఇంటికి రెండు సందుల అవతల నెట్ ఆఫీసు నడిపే ఉపేందర్‌కు చేసింది.

"అన్నా, మీ నెట్ మళ్ల ఖరాబైంది. బొమ్మ స్టక్కయింది."

"ఈడికెల్లే సూస్తున్ననక్కా. మీ లైన్ మంచిగుంది. ఫోన్ బంద్ జేసి మళ్ల పెట్టు."

పెట్టింది. అదే బొమ్మ.

"ఆగు, మీ రూటర్ రీస్టార్ట్ జేస్త."

బొమ్మ పోయింది. రెండు నిమిషాలు చక్రం తిరిగింది. మళ్లీ అదే చెయ్యి, అదే తాడు.

"మీ అత్తమ్మ ఊకెనే కూసున్నదేమోనక్కా."

"మా అత్తమ్మనా? పాప పండుకున్నా ఊపుడు బంద్ జెయ్యదు. నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు."

ఉపేందర్ నవ్వాడు. "కోడలి మాట ఇని కుదురుగ కూసున్నదంటే, నెట్టే ఖరాబు తియ్!"

దీపకు నవ్వు రాలేదు. పొద్దున అత్త, "ఛాతిల మండుతుంది బిడ్డా, ఇయ్యాల ఉండరాదు?" అని అడిగింది. తాను చెప్పుల్లో కాలు పెడుతూనే, "పచ్చిపులుసు వద్దంటే తింటివి. కెమెరాకు అడ్డం రాకు, పాప కనబడాలె" అని వచ్చేసింది. బస్సెక్కాక మనసు చివుక్కుమంది. సాయంత్రం ఓ మంచి మాట అనాలనుకుంది.

"అక్కా, బొమ్మను చిన్నగ జెయ్. పైన మూలకు టైముంటది. సెకన్లు తిరుగుతున్నయా సూడు. ఆగితే కెమెరానే ఖరాబు."

దీప వేళ్లు దగ్గరికి తెచ్చింది. గది మొత్తం తెరలోకి వచ్చింది. గోడకు ఆనుకొని అత్త. కళ్లద్దాలు జారి ఒళ్లో పడి ఉన్నాయి. పైన మూలన ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. పాప నిద్రలోనే పక్కకు ఒత్తిగిలింది.

"తిరుగుతున్నయా అక్కా?"

"అన్నా, లైన్ మంచిగనే ఉంది, జర ఉరికి మా అత్తమ్మను సూడు!"