నోట రాని పేరు

మా ఊళ్లో ప్రతి ఫోన్లోనూ ఒక జవాబుగాడు ఉంటాడు. మనం పొలంలో ఉన్నా, నిద్రలో ఉన్నా, మన గొంతుతో గ్రూపుల్లో వాదిస్తూనే ఉంటాడు. సింహాద్రి గడ్డల జ్వరంతో పోయాడు. దూలానికి కట్టిన ఫోన్లో అతని జవాబుగాడు మాత్రం ఆగలేదు.

"జ్వరం లేదు, గిరం లేదు. అంతా సూదుల కంపెనీల నాటకం!"

నర్సమ్మ సూది తీయగానే, అదే జ్వరంతో పడున్న కూతురు పైడితల్లి చెయ్యి వెనక్కి దాచేసుకుంది. "నాన్న వద్దంటన్నాడు."

"మీ నాన్న ఆ జ్వరంతోనే పోయాడే," అంది తల్లి కన్నమ్మ.

"రుజువు చూపించు," అన్నాడు జవాబుగాడు దూలం మీంచి.

"ముందు దాన్ని ఆపమ్మా. ఇవాళ సూది పడకపోతే పిల్ల మనకి దక్కదు," అంది నర్సమ్మ.

ఇంట్లోవాళ్లు ఫోను మనిషిని పేరు పెట్టి పిలిచి చెబితేనే అది ఆగుతుంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి కన్నమ్మ మొగుడి పేరు నోట పలకలేదు. పిల్ల నుదురు తాకి చూసింది. కాలిపోతోంది.

"సింహాద్రీ, ఆగు."

ఆగిపోయింది. నర్సమ్మ సూది గుచ్చింది. పిల్ల చెయ్యి కదపలేదు, ఏడవలేదు. దూలం వంకే చూస్తూ, "నాన్న ఇప్పుడు పోయాడు," అంది.